మూడో బోరు వద్దన్న నీళ్ళక్కయ్యగారు

పంతొమ్మిది వందల తొంభై మూడవ సంవత్సరం జూన్ నెల పద్నాలుగవ తేదీ, సోమవారం ఉదయం, మన పాలపొడి కర్మాగారంలోని ఆవిరి, నీటి సరఫరా విభాగంలో సహాయ ఇంజనీరుగా బాధ్యతలు స్వీకరించి, క్రమంగా ఆ విభాగానికే అధిపతిగా ఎదిగి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మన ప్రియతమ సహోద్యోగినిని గురించి నాలుగు మాటలు రాసే అవకాశాన్ని ఈ సంచిక సంపాదక వర్గంవారు నాకు కల్పించడం నా భాగ్యంగా భావిస్తున్నాను. నాలుగు మాటలే రాయాలనీ, గంభీరంగా రాయాలనీ, పాత తగాదాలు ఎత్తకూడదనీ షరతులు కూడా వారే విధించారు. మొదటి షరతు ఎలాగూ నెగ్గదు. రెండోదానికి శక్తివంచన లేకుండా ప్రయత్నిస్తాను. ఇక మూడోది అంటారా, ప్రయోగశాల అధికారిణిగా ఆవిడతో ఇన్నేళ్ళు పనిచేసిన నన్ను తగాదాలు వదిలేసి రాయమంటే, రాయడానికి ఇంకేం మిగులుతుంది?

గేటు దగ్గరి కాపలాదారు మొదలుకొని మేనేజరుగారి గది వరకు, పాలు దింపే లారీ డ్రైవర్లు మొదలుకొని పొట్లాలు కట్టే ఆడపిల్లల వరకు వారిని అందరూ నీళ్ళక్కయ్యగారనే పిలుస్తారు. నేను అక్కయ్యా అంటాను. కోపం వచ్చినప్పుడు మేడమ్ అంటాను. ఆవిడకు ఆ తేడా తెలుసు. నేను మేడమ్ అన్న రోజున నా గదికి ఆవిడే టీ పంపించేవారు.

ఆ తొలినాళ్ళలో బాయిలరు గదిలోకి ఒక యువతి ఇంజనీరుగా అడుగుపెట్టడం అపూర్వమైన విషయం. వేడికి గోడల సున్నం పెచ్చులూడే ఆ గదిలో, పెద్ద ఫోర్‌మన్‌గారు, అంటే మేమందరం బాబాయ్ అని పిలుచుకున్న ఆ పెద్దమనిషి, ఆవిడను ఎగాదిగా చూసి, "అమ్మాయ్, ఇక్కడ చెమట తప్ప ఇంకేం దొరకదు. ఆ ల్యాబులో ఏదైనా ఉద్యోగం ఉందేమో అడుగు" అన్నారట. "చెమట కూడా నీళ్ళే కదా బాబాయ్, దాన్నీ లెక్కలో వేసుకుందాం" అన్నారట ఈవిడ. బాబాయ్ నవ్వి, తన స్టూలు ఆవిడకిచ్చి, తాను నిలబడ్డారట. అంతటి మనిషి స్టూలు ఇచ్చాడంటే సామాన్యమైన సంగతి కాదు. నాకు ఇన్నేళ్ళలో ఏనాడూ ఇవ్వలేదు.

వారి కార్యదీక్షకు, సునిశిత పరిశీలనకు నిదర్శనంగా ఒక అలవాటును ఇక్కడ పేర్కొనాలి. ఎక్కడైనా కుళాయి కారుతూ కనిపిస్తే ఆవిడ దాన్ని కట్టరు. ఎవరినీ కేకలెయ్యరు. చేతులు కట్టుకుని ఆ కుళాయి ముందు నిలబడి దానివంకే చూస్తుంటారు, అంతే. అటుగా పోయేవాడు ఆవిణ్ణి చూసి ఆగుతాడు, ఆగినవాడు ఇంకొకణ్ణి పిలుస్తాడు, చివరికి ఆ కుళాయికి బాధ్యుడైన మనిషి ఎక్కడున్నా ఉరుక్కుంటూ వచ్చి కట్టేసి తల గోక్కుంటాడు. "ఏం లేదు నాయనా, ఊరికే చూస్తున్నా" అని ఆవిడ వెళ్ళిపోతారు. తిట్టినా బాగుండేదని ఎంతోమంది నా దగ్గర మొరపెట్టుకున్నారు. ఒకసారి మేనేజరుగారే తమ గది పక్కనున్న వాష్‌బేసిన్ దగ్గరికి అలా పరిగెత్తడం నేను కళ్ళారా చూశాను.

మన వృత్తి ఎరగని కుటుంబసభ్యుల కోసం ఒక మాట. పాలపొడి చేయడమంటే, మూడొంతులకు పైగా నీరే అయిన పాలలోనుంచి ఆ నీటిని ఆవిరిగా తీసేయడం. అలా తీసిన ఆవిరి చల్లారి మళ్ళీ నీరవుతుంది. దాన్ని మనవాళ్ళు పాలనీళ్ళు అంటారు. ఒకవైపు బోరునుంచి నీళ్ళు తోడి బాయిలరుకు పోస్తూ, ఇంకోవైపు పాలలోనుంచి వచ్చిన స్వచ్ఛమైన నీటిని వేడివేడిగా కాలువలో కలిపేస్తూ మనం ఏళ్ళ తరబడి వైభవంగా బతికాం. "ఈ నీళ్ళెక్కడికి పోతున్నాయండీ?" అని మొట్టమొదట అడిగినవారు నీళ్ళక్కయ్యగారు. "పోతాయి" అన్నారు అందరూ. నేనూ అన్నాను. పోవడం దాని స్వభావం అనుకున్నాం.

మహనీయుల జీవితాల్లోనూ పొరపాట్లు ఉంటాయనడానికి, సంపాదక వర్గంవారు కోరిన హాస్యఘట్టం ఇదిగో. పాలనీళ్ళను తిరిగి వాడవచ్చునని నిరూపించే ఉత్సాహంలో ఆవిడ తొలిసారిగా వాటిని గొట్టాలద్వారా ఆఫీసు ముందున్న పచ్చికకు మళ్ళించారు. మరునాడు పైఅధికారుల బృందం రానుంది. పచ్చిక నిగనిగలాడుతుంటే దాన్ని చూపించి, "ఇది బోరునీరు కాదు, పాలనీరు" అని చెప్పాలని ఆవిడ పథకం. నీటిశుద్ధిని గురించి అన్నీ ఆలోచించిన ఆ మహాతల్లి, అది పొయ్యిమీదనుంచి దించిన నీరంత వేడిగా ఉంటుందన్న సంగతి మాత్రం మరిచిపోయారు. తెల్లవారేసరికి పచ్చిక మొత్తం ఉడికిపోయి, తోటకూర వేపుడు రంగుకు దిగింది. తోటమాలి దాని మధ్యలో నిలబడి, "అక్కయ్యా, ఉప్పూ కారం వెయ్యమంటారా?" అన్నాడు. బృందం వచ్చింది, చూసింది. ఆవిడ దాచలేదు. "చల్లార్చకుండా పోశానండి, నాదే తప్పు" అని, ఊపిరి కూడా తీసుకోకుండా, "ఇంత వేడిని కాలువపాలు చేస్తున్నామని నాకిప్పుడే తెలిసింది. దీన్ని బాయిలరుకే పోస్తే నీళ్ళూ కలిసొస్తాయి, ఇంధనమూ కలిసొస్తుంది" అన్నారు. చీవాట్లు తినవలసిన చోట అనుమతి సంపాదించుకొచ్చిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అక్కణ్ణుంచే మా యుద్ధం మొదలైంది. ఆహారపదార్థం తయారుచేసే చోట నీటిని పొదుపు చెయ్యడం వేరు, ఇంట్లో పొదుపు చెయ్యడం వేరు. మన డబ్బాలోని పొడిని ఎక్కడో ఒక తల్లి గోరువెచ్చని నీళ్ళలో కలిపి పసిబిడ్డ నోటికి అందిస్తుంది. కనుక పాలనీళ్ళు బాయిలరుకు వెళ్ళవచ్చు, కూలింగ్ టవర్‌కు వెళ్ళవచ్చు, యంత్రాల తొలి కడుగుకు వెళ్ళవచ్చు; ఆఖరి కడుగు మాత్రం శుద్ధిచేసిన మంచినీటితోనే జరగాలి; పైగా నా ప్రయోగశాల పరీక్షించి సరేననకుండా ఒక్క చుక్కైనా ట్యాంకు దాటకూడదు. ఇవి నా షరతులు. ఆవిడ వాదించారు. నేనూ వాదించాను. మా ఇద్దరి గొంతులకు ప్రయోగశాల వసారాలో పావురాలు గూడు మార్చుకున్నాయి. చివరికి నా షరతులన్నీ అంగీకరించి, "నువ్వు మొండిదానివి కాబట్టి నాకు నిద్ర పడుతుంది చెల్లాయ్" అన్నారు. పొగిడారో తిట్టారో ఇప్పటికీ తేలలేదు. పొగడ్తగానే జమ వేసుకున్నాను.

పాలనీళ్ళ సంగతి అలా ఒక దారికి వచ్చినా, ఆవిణ్ణి ఏళ్ళ తరబడి ఓడించిన శత్రువు ఇంకొకటి ఉంది. దాని పేరు మనశ్శాంతి కడుగుడు. నియమం ప్రకారం కడగవలసినన్నిసార్లు యంత్రాలను కడిగాక, షిఫ్టు దిగేవాళ్ళు "ఎందుకైనా మంచిది" అని ఇంకొక్కసారి కడిగేవారు. షిఫ్టు ఎక్కేవాళ్ళు, "వాళ్ళు కడిగారంటే నమ్మేదెలా?" అని పాలు వదిలేముందు మొత్తం మళ్ళీ కడిగేవారు. బోరునీటిలో సింహభాగం ఈ ఎందుకైనా మంచిదికీ, ఈ నమ్మేదెలాకీ పోయేది. పొడుగాయన, మీసాలాయన అని మనందరికీ తెలిసిన ఆ ఇద్దరు షిఫ్టు ఇన్‌ఛార్జులు ఈ కళలో ఆరితేరినవారు. ఎప్పుడో ఒక తయారీ పాడైపోతే నీ కడుగుడే కారణమని ఒకరినొకరు అనుకుని, ఆనాటినుంచి మాటలు మానేసిన మహానుభావులు. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ పనిమంతులే. ఒకరి శుభ్రం మాత్రం ఒకరికి అంటు.

నీళ్ళక్కయ్యగారు వాళ్ళకు ఉపన్యాసాలు ఇచ్చారు. గోడలకు కాగితాలు అంటించారు. చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి చూశారు కూడా. గోడకు చెప్పుకున్నా ఒకటే, వాళ్ళకు చెప్పుకున్నా ఒకటే. "మీరు చెప్పింది నిజమేనండీ, కానీ మనశ్శాంతి ఉండదు" అనేవాడు పొడుగాయన. మీసాలాయనైతే జవాబే చెప్పకుండా మీసం సవరించుకునేవాడు.

ఆవిడ విభాగాధిపతిగా పదోన్నతి పొందిన కొన్నాళ్ళకు ఆ ఎండాకాలం వచ్చింది. వరుసగా వానలు మొహం చాటేసిన తరువాత వచ్చిన ఎండాకాలం అది. మన రెండు బోర్లలో ధార సన్నగిల్లింది. ప్రహరీగోడ వెనక ఉన్న సందులో చేతిపంపు కొడితే గాలి వచ్చేది. ఆ సందులోనే, గోడకు ఆనుకున్నట్టుండే అద్దె ఇంట్లో, నీళ్ళక్కయ్యగారు, ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేసే కొట్టు నడుపుకునే ఆవిడ భర్తగారు, అప్పుడే కాలేజీలో చేరిన అమ్మాయి, అందరికీ పైన అత్తగారు కాపురముండేవారు. ఆ అత్తగారిని గురించి వేరే సంచిక వెయ్యాలి.

ఒకరోజు పొద్దున్నే కాపలాదారు చెమటలు కక్కుకుంటూ వచ్చి, "అక్కయ్యా, గేటు దగ్గర ఆడవాళ్ళు ఖాళీ బకెట్లతో వచ్చి గొడవ చేస్తున్నారు. ముందు నిలబడింది మీ అత్తగారేనండీ" అన్నాడు. మేమిద్దరం వెళ్ళాం. కోడల్ని చూసి ఆ పెద్దావిడ, "ఇంట్లో నువ్వు నా కోడలివి. ఇక్కడ ఆఫీసరువి. నేను ఆఫీసరుతోనే మాట్లాడతాను" అన్నారు. "చెప్పండి అత్తయ్యా" అన్నారు ఈవిడ. "అత్తయ్యేమిటి? అమ్మా అనో, ఏమండీ అనో అను. మా పంపు ఎండిపోయింది. మీరు ఇంకో బోరు వేస్తారట, ఇంకా లోతుకట. ఆ కాస్త తడి కూడా మీరే లాగేస్తే మేం ఎక్కడికి పోవాలి? ఊరుకోం." వెనకున్నవాళ్ళు బకెట్లు మోగించారు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు కానీ, నీళ్ళక్కయ్యగారి ముఖంలో నవ్వు లేదు. ఎందుకంటే ఆ మాట నిజం. మూడో బోరు వెయ్యాలని మేనేజరుగారు అప్పటికే నిర్ణయించారు. అది ఆ సందుకు ఆనుకునే పడుతుంది. దానికి నీటి విభాగాధిపతి సంతకం కావాలి.

ఆ మధ్యాహ్నం మేనేజరుగారి గదిలో నేనూ ఉన్నాను. ఆయన చెడ్డమనిషి కారు. కర్మాగారం ఆగితే వందల కుటుంబాలు వీధిన పడతాయన్నది ఆయన బాధ. "మీ ఇల్లు అక్కడుందని సంతకం పెట్టనంటే ఎలాగమ్మా?" అన్నారు.

"మా ఇంటికి వేరే చోట అద్దె దొరుకుతుంది సార్. పంపు కదిలి రాదు కదా" అన్నారు నీళ్ళక్కయ్యగారు. "ఈ ఎండాకాలం రెండు బోర్లతోనే నడుపుతాను. నడపలేకపోతే సంతకం పెట్టేసి, ఉద్యోగం కూడా వదిలేసి వెళ్ళిపోతాను. నా చేతకానితనానికి సందువాళ్ళు ఎండిపోకూడదు, మీరూ నష్టపోకూడదు."

బయటికొచ్చాక నేను గొడవ పెట్టుకున్నాను. "మీకేమైనా మతిపోయిందా మేడమ్? అమ్మాయి చదువు మీ జీతం మీద నడుస్తోంది. అన్నయ్యగారి కొట్టు ఎండాకాలం ఫ్యాన్ల మీద బతుకుతుంది, వానాకాలం ఈగలు తోలుకుంటుంది. ఎవరు చెప్పమన్నారు మిమ్మల్ని?"

"భయంగానే ఉంది చెల్లాయ్" అన్నారు. ఆవిడ నోట భయం అనే మాట వినడం అదే మొదలు. నా కోపం ఎటు పోయిందో పోయింది.

ఆ తరువాత వారు చేసిన కృషి వర్ణనాతీతం. నేలను గొట్టంతో కడిగే ముందు పొడిచీపురుతో ఊడ్చే పద్ధతి ప్రవేశపెట్టారు. గొట్టాల చివర్లకు, వదిలేస్తే వాటంతటవే మూసుకునే మూతలు బిగింపించారు. ఆ పనిలో భర్తగారు కొట్టుకు తాళం వేసి వచ్చి సాయంపట్టారు. పాలనీళ్ళను నిలవచేసే ట్యాంకును మాత్రం కంటికి రెప్పలా కాచుకున్నారు, ఎందుకంటే సగం కర్మాగారం దాని మీదే నడుస్తోంది. అయినా షిఫ్టు మారినప్పుడల్లా మనశ్శాంతి కడుగుడు మామూలే. మేనేజరుగారు తన జాగ్రత్తలో తాను బోరు తవ్వే లారీని తెప్పించి గేటు పక్కన నిలిపారు. సందులో ఆడవాళ్ళు రోజూ దాన్ని చూసి వెళ్ళేవారు.

ఇక ఆ రోజు. ముందురోజు తగ్గిన ఉత్పత్తిని పూడ్చుకోవాలని పొద్దున షిఫ్టులో పాలు చిక్కబరిచే యంత్రాన్ని హెచ్చువేగంతో తోలారు. పాలు నురగెత్తి ఆవిరితో కలిసి పొంగి పాలనీళ్ళలోకి వచ్చేశాయి. మధ్యాహ్నం నేను ట్యాంకు నమూనా తీసి చూశాను. నీరు మసకగా ఉంది. పరీక్షలో పాలు ఉన్నట్టు తేలింది. బాయిలరులో పోస్తే నురగ, యంత్రాలు కడిగితే క్రిములకు విందు. ట్యాంకు మొత్తం పారబొయ్యాల్సిందే.

ఆ మాట చెప్పడానికి వెళ్ళాను. ఆ ట్యాంకు పోతే కర్మాగారం ఆగుతుంది. ఆగితే సంతకం. సంతకంతో పాటు ఆవిడ ఉద్యోగం. ట్యాంకు పక్కన ఆవిడ, పొడుగాయన, మీసాలాయన ముగ్గురూ ఉన్నారు. షిఫ్టు మారే వేళ అది. "అక్కయ్యా, నీళ్ళు బాగాలేవు. పాలు కలిశాయి" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి ఒకసారి చూశారు. ఎంత కలిశాయని అడగలేదు. మళ్ళీ ఒకసారి పరీక్షించమనలేదు. కొంచెం మంచినీళ్ళు కలిపితే సరిపోతుందేమో అనలేదు. నడిచివెళ్ళి, మురుగునీటి శుద్ధికి వెళ్ళే వాల్వు చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని తనే తిప్పారు. కారే కుళాయి ముందు నిలబడిపోయే మనిషి, నిండు ట్యాంకును తన చేత్తో వదిలేశారు. నీళ్ళు పోతున్న చప్పుడు వింటూ మేం నలుగురం నిలబడ్డాం. నేను ఏడ్చాను. ప్రయోగశాల అధికారిణి ఏడవచ్చునా అని సంపాదక వర్గంవారు అడిగితే, ఆ రోజు ఏడవచ్చు అని నా జవాబు.

"రెండోసారి చెయ్యమని ఒక్క మాట అనొచ్చు కదా" అన్నాను, ఉండబట్టలేక.

"బాగున్నాయని నువ్వు చెప్పిన రోజున రెండోసారి చెయ్యమన్నానా? బాగాలేవన్నప్పుడు ఎందుకు అంటాను?" అన్నారు.

ఇంతలో మేనేజరుగారు వచ్చారు. ఆయనకు కబురందింది. "ఇక చాలమ్మా. మీరు చేయగలిగింది చేశారు. లారీవాణ్ణి పిలుస్తాను" అన్నారు, మెత్తగానే.

నీళ్ళక్కయ్యగారు బోరునీటి ట్యాంకు మట్టం చూసి వచ్చారు. "ఒక్క కడుగుకు సరిపడా నీళ్ళున్నాయి సార్. దిగేవాళ్ళు ఒకసారి కడిగి, ఎక్కేవాళ్ళు దాని మీదే పాలు వదిలితే, సాయంత్రానికి బోర్లలో ఊట చేరుకుంటుంది, బండి ఆగదు. రెండుసార్లు కడిగితే మాత్రం ఇప్పుడే ఆగిపోతుంది." అని, ఇద్దరు ఇన్‌ఛార్జుల వైపు తిరిగి, "ఇంతకన్నా నేను చెప్పేదేం లేదు నాయనా. మీ ఇష్టం" అన్నారు.

పొడుగాయన వెళ్ళి, తన మనుషులతో యంత్రాలు కడిగించాడు. నియమం ఎన్నిసార్లంటే అన్నిసార్లే. ఆఖరి కడుగు నీరు నేను గాజు సీసాలో పట్టి పరీక్షించాను. "శుభ్రంగా ఉంది" అన్నాను. అందరి కళ్ళూ మీసాలాయన మీద పడ్డాయి. ఆయన పాల వాల్వు మీద చెయ్యి వేశాడు. తిప్పలేదు. "నా షిఫ్టులో పాలు పాడైతే?" అన్నాడు, ఎటో చూస్తూ.

అప్పుడు పొడుగాయన, ఇన్నేళ్ళ తరువాత మొదటిసారిగా ఆయనతో మాట్లాడాడు. "బావా, ఇందాక ఆ ట్యాంకు పోతుంటే చూశావుగా. ఆవిడ ఉద్యోగం పోతుందని తెలిసి కూడా ల్యాబు మాట ఒక్కసారికే నమ్మింది. నా ఒక్క కడుగు నువ్వు నమ్మలేవా?" అన్నాడు.

బావా అన్న ఆ పిలుపు మాలో చాలామందికి కొత్త. వాళ్ళిద్దరూ నిజంగానే బావా బావమరుదులని నాకు ఆ రోజే తెలిసింది. మీసాలాయన మీసం సవరించుకున్నాడు. ఆ తరువాత, "ఏడిశావులే" అని వాల్వు తిప్పాడు. పాలు వెళ్ళాయి. ఆ సాయంత్రం తయారైన పొడిని నేను ఒకటికి రెండుసార్లు పరీక్షించాను. అది నా ఉద్యోగం, దానికి ఎవరూ పేరు పెట్టక్కర్లేదు. నిక్షేపంలా ఉంది.

మరునాటినుంచి దిగే ఇన్‌ఛార్జి, ఎక్కే ఇన్‌ఛార్జి పక్కపక్కన నిలబడి ఆఖరి కడుగు నీటిని కలిసి చూడడం, నా ప్రయోగశాల సరేననడం, ఆ వెంటనే పాలు వదలడం మన కర్మాగారపు ఆచారమైంది. ఈనాడు కొత్తగా చేరినవారికి అది ఎప్పటినుంచో ఉన్న నియమంలా కనిపిస్తుంది. ఆ ఎండాకాలం ఆఖరుదాకా మనం రెండు బోర్లతోనే నడిచాం. లారీ వచ్చిన దారినే పోయింది. వానలు పడ్డాక సందులో పంపు మళ్ళీ పలికింది. అత్తగారు తొలి బకెట్టు కొట్టుకుని, గేటు దాకా మోసుకొచ్చి, "ఆఫీసరుగారికి ఇవ్వండి" అని కాపలాదారుకిచ్చి వెళ్ళిపోయారు. ఆ నీళ్ళు మేనేజరుగారు, నేను, పొడుగాయన, మీసాలాయన తలా ఒక గ్లాసు తాగాం. అక్కయ్య తాగి, ముఖం పక్కకు తిప్పుకున్నారు.

తదనంతర కాలంలో వారి సేవలు మన సంస్థకు చెందిన ఇతర కర్మాగారాలకూ విస్తరించాయి. ఎందరో యువ ఇంజనీర్లకు వారు శిక్షణ ఇచ్చారు. ఉత్పత్తి పెరిగినా నీటివాడకం పెరగకపోవడం ఎలా సాధ్యమో చూసివెళ్ళడానికి అతిథులు వచ్చేవారు. పచ్చిక దగ్గర ఆగి, ఉడికిన కథ ఆవిడే చెప్పి నవ్వించేవారు. సత్కారాలు అందుకున్నారు, శాలువాలు కప్పించుకున్నారు. శాలువాలన్నీ అత్తగారికి చేరాయి. వారి విజయాలకు వెన్నుదన్నుగా నిలిచిన భర్తగారికి, ఎండాకాలంలో తల్లి ఉద్యోగం అటో ఇటో అన్న రోజుల్లో ఒక్క మాట కూడా అడగకుండా తన చదువు తాను చదువుకున్న అమ్మాయికి, ఈ సందర్భంగా మా హృదయపూర్వక కృతజ్ఞతలు. అత్తగారికి నమస్కారాలు మాత్రమే. కృతజ్ఞతలు చెబితే ఊరుకోరు.

ఇప్పుడు ఈ వ్యాసం ఎందుకు రాయక తప్పలేదో చెప్పాలి. మన కర్మాగారానికి రెండో పాలపొడి యంత్రం రానున్న సంగతి అందరికీ తెలిసిందే. మూడో బోరు మాట మళ్ళీ వినబడుతున్న సంగతీ తెలిసిందే. పోయిన వారం నీళ్ళక్కయ్యగారు తమ విభాగపు బాధ్యతలను కొత్త ఇంజనీరుగారికి అప్పగిస్తున్నప్పుడు, ఇప్పటి మేనేజరుగారు గౌరవంగా, "అమ్మా, వెళ్ళేముందు మూడో బోరు గురించి ఏదైనా షరతు రాసి పెట్టి వెళ్ళండి. మీ మాటకు విలువుంటుంది, ఎవరూ దాటరు" అన్నారు. గదిలో నేనున్నాను. నెరిసిన మీసంతో మీసాలాయన, చేతికర్ర ఊతంతో పొడుగాయన కూడా ఆవిణ్ణి చూడవచ్చి ఉన్నారు. రాసి పెట్టండక్కయ్యా అని నాకు నోటిదాకా వచ్చింది.

"ఎందుకండీ రాయడం? వీళ్ళున్నారుగా" అన్నారు ఆవిడ. తాళాలు బల్లమీద పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, ఇంటికి బయల్దేరారు.

ఆవిడ వెళ్ళాక మేనేజరుగారే ముందు తేరుకుని, "ఇక ఆ బోరు ఎలా వెయ్యగలం?" అన్నారు. కొత్త ఇంజనీరుగారు అక్కడికక్కడే కుర్చీ లాక్కుని, రెండో యంత్రపు పాలనీళ్ళతో ఎంత పని జరుగుతుందో లెక్కలకు కూర్చున్నారు. నేను ఆయనతో అప్పుడే రెండు తగాదాలు పెట్టుకున్నాను. నిలబడే మనిషిలాగే ఉన్నారు.

కనుక, ఈ కర్మాగారపు సమస్త ఉద్యోగుల పక్షాన, ఈ సంచికలో అందరూ చదివేలా అచ్చులో ఒక మాట ఇస్తూ, ఆ మాటతో పాటే మా ఆకాంక్షనూ తెలియజేస్తున్నాను. అక్కయ్యా, మీరు సంపూర్ణ ఆరోగ్యంతో, నిండైన ఆయుష్షుతో, భర్తగారి చేతి టీ తాగుతూ, అత్తగారితో సమానంగా వాదించే ఓపికతో, మనవల పిల్లల్ని కూడా ఎత్తుకుని ఆడించేదాకా చల్లగా జీవించాలి. పొద్దున్నే సందులో పంపు చప్పుడు వినబడితే, ఇవాళ ఎలా ఉందో అని దిగులుపడి లేవకండి. అటు తిరిగి ఇంకాసేపు పడుకోండి. మూడో బోరు పడదు. మా మాట నమ్మండి.